మడ అడవి పక్కన బడి

ప్రకాశం బ్యారేజీ దాటిన కృష్ణమ్మ పులిగడ్డ దగ్గరికి వచ్చేసరికి రెండుగా చీలుతుంది. ఆ పాయల నడుమ ఉన్నదే దివిసీమ. అవనిగడ్డ, మోపిదేవి, నాగాయలంక, కోడూరు దాటి ఇంకా దిగువకు వెళ్తే వరిచేలు పలచబడతాయి. వాటి వెనక రొయ్యల చెరువులు, చెరువుల వెనక నల్లటి బురద, ఆ బురదలో మడ అడవి. సముద్రం ఇంకా కంటికి కనబడదు గానీ దాని ఉప్పు గాలి ముందే ముఖానికి తగులుతుంది. ఈ మడ అడవినే 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. ఇప్పటి లెక్కన కృష్ణా, బాపట్ల జిల్లాల్లో సుమారు 195 చదరపు కిలోమీటర్లు. సొర్లగొంది, నాచుగుంట, ఏలచెట్లదిబ్బ, లంకెవానిదిబ్బ వంటి పేర్లు అక్కడివే.

అభయారణ్యం అనగానే చాలామందికి పెద్ద గేటు, కంచె, లోపల జింకలు గుర్తొస్తాయి. ఇక్కడ అలాంటివి ఉండవు. ఊరు ఎక్కడ ఆగిందో, అడవి ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. పోటు వచ్చినప్పుడు అడవిలోని నీళ్లే ఊరి కాలువలోకి వస్తాయి. ఎదురుమొండి దీవుల వాళ్లకు ఒడ్డుకు రావాలంటే ఏటిమొగ దగ్గర పంటు దాటడమే దారి. అక్కడ పుట్టిన పిల్లలకు మడ అడవి పెరడులాంటిది. ఆ పిల్లలకు పర్యావరణం గురించి మనం ఏం చెబుతున్నాం, ఎలా చెబుతున్నాం, అసలు చెప్పవలసింది ఎవరు అన్నదే ఆకాశవాణిలో ఈ పూట నా ప్రసంగం.

ఆ తీరాన ఒక బడిలో ఏడో తరగతి పిల్లలతో కూర్చున్నప్పుడు, అడవిలో ఉండే జంతువులు చెప్పమని అడిగాను. సింహం అన్నారు. పులి, ఏనుగు, జిరాఫీ అన్నారు. ఒక అమ్మాయి లేచి కంగారూ అంది. అన్నీ పుస్తకంలో, టీవీలో చూసినవే. అప్పుడు ప్రశ్న మార్చాను. "రాత్రిపూట మీ నాన్న చెరువు కట్ట మీద కాపలా పడుకున్నప్పుడు అటు ఏమేం వస్తాయిరా?" అన్నాను. అంతే, గది గదంతా ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టింది. నక్కలు వస్తాయండి. నీటికుక్కలు గుంపుగా వస్తాయండి, చేపల్ని కొరికి సగం తిని పడేస్తాయండి. పాము వచ్చుద్దండి. చివరి వరసలో, అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్న ఒక కుర్రాడు మెల్లగా, "బావురుపిల్లి వచ్చుద్దండి. బ్యాటరీ లైటు వేస్తే కళ్లు ఎర్రగా వెలుగుతాయండి. అయినా పారిపోదండి, కాసేపు చూసి అప్పుడు పోద్దండి" అన్నాడు. అది ఎలా నడుస్తుంది, ఏ కట్ట మీదికి వస్తుంది, అడుగు ఎంతుంటుంది, అన్నీ చెప్పాడు. నేలమీద వేలితో గీసి చూపించాడు. వాళ్ల ఇంట్లోవాళ్లు పీతలు పట్టి బతికే యానాదులు. ఆ బడిలో వాడికి మార్కులు అంతంతమాత్రమేనని తర్వాత తెలిసింది.

ఆ రోజు నాకు కనిపించిన విషయం గురించే ఇదంతా చెబుతున్నాను. అభయారణ్యం పక్కన ఉండే పిల్లలు ఏమీ తెలియనివాళ్లు, వాళ్లకు అవగాహన కల్పించాలి అనుకుని మనం బయలుదేరుతున్నాం. వాళ్లకు తెలిసినదాన్ని మాత్రం ఎవరూ అడగడం లేదు. అడగని చదువు పిల్లవాడికి తన ఊరు చిన్నదనీ, తన తండ్రి పని తక్కువదనీ నేర్పుతుంది. అలా నేర్చుకున్నవాడు రేపు ఆ అడవిని ఎందుకు కాపాడతాడు?

మడ అడవిలో పాఠం మొదలుపెట్టడానికి నల్లబల్ల అక్కర్లేదు. తెల్లమడ ఆకు ఒకటి కోసి నాలుకకు తాకిస్తే చాలు, ఉప్పగా ఉంటుంది. ఉప్పునీళ్లలో బతకడానికి ఆ చెట్టు తాగిన ఉప్పును ఆకుల మీదినుంచి బయటికి పంపేస్తుంది. ఎండలో ఆ ఆకు మీద సన్నటి ఉప్పు రేణువులు మెరుస్తాయి. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచి ఉండేవి దాని ఊపిరి వేళ్లు. బురదలో గాలి ఉండదు కాబట్టి చెట్టు పైకి వచ్చి ఊపిరి తీసుకుంటుంది. ఉప్పుపొన్న సంగతి ఇంకా వింత. దాని విత్తనం తల్లిచెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది. జానెడు పొడవు పెరిగాక కిందపడి నిట్టనిలువుగా బురదలో గుచ్చుకుంటుంది, లేదా పోటు నీళ్లలో తేలుతూ ఇంకో చోటికి పోయి అక్కడ నాటుకుంటుంది. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే కన్ను మండి చూపు మసకబారుతుందని అక్కడ ఆరేళ్ల పిల్లకు కూడా తెలుసు. ఎందుకు అలా జరుగుతుందో చెప్పేవాళ్లు కావాలి. సైన్సు పుస్తకంలో శ్వాసక్రియ, విసర్జన, విత్తన వ్యాప్తి అని వేరువేరు పాఠాలుగా ఉన్నవన్నీ ఆ ఒక్క ఒడ్డున, ఒక్క గంటలో కళ్లముందు కనబడతాయి.

లెక్కలు కూడా అక్కడే ఉన్నాయి. అమావాస్యకు, పున్నమికి పోటు పెద్దది. సప్తమి, అష్టమి రోజుల్లో నీళ్లు మందంగా ఉంటాయి. నేటి పోటుకూ రేపటి పోటుకూ సుమారు యాభై నిమిషాల తేడా. జాలరి ఇంట్లో పిల్లవాడికి ఇది తాతల దగ్గర్నుంచి వచ్చిన లెక్క. చంద్రుడి గమనానికీ ఆ యాభై నిమిషాలకూ సంబంధం ఏమిటో బళ్లో చెబితే, వాడికి ఖగోళశాస్త్రం తన పడవలోకి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు ఆ బావురుపిల్లి దగ్గరికి వద్దాం. ఇంగ్లీషులో దీన్ని ఫిషింగ్ క్యాట్ అంటారు. ఇంటి పిల్లికి రెండింతలు ఉంటుంది. పెద్ద మగది పదహారు కిలోల వరకూ తూగుతుంది. బూడిదరంగు ఒంటి మీద నల్లటి మచ్చలు వరసలు వరసలుగా ఉంటాయి. చాలామంది చిరుతపులి పిల్ల అనుకుని హడలిపోయేది ఆ మచ్చల వల్లే. పిల్లి జాతికి నీళ్లంటే పడదని మనం అనుకుంటాం. ఇది మాత్రం నీళ్లలోకి దూకి, ఈది, చేపను పట్టుకుంటుంది. కాలివేళ్ల మధ్య కొంతమేర పొర ఉంటుంది. ఒంటి మీద రెండు వరసల బొచ్చు ఉండటంతో లోపలి చర్మం తడవదు. చేపలే దాని ప్రధాన ఆహారం. పీతలు, ఎలుకలు, పక్షులు కూడా తింటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దీనికి మొదటి షెడ్యూలులో చోటిచ్చారు, అంటే పెద్దపులికి ఎంత రక్షణో దీనికీ అంతే. ప్రపంచమంతటా చూస్తే దక్షిణ, ఆగ్నేయ ఆసియాలోని తడినేలల్లో తప్ప మరెక్కడా లేదు. మన రాష్ట్రంలో కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లోనూ, ఇక్కడ కృష్ణా ముఖద్వారంలోనూ ఉంది.

ఇంత అపురూపమైన జంతువు మన ఊళ్లో ఉంది, కాపాడుకోవాలి అని ఒక ముక్కలో చెప్పేసి వెళ్లిపోవచ్చు. సాధారణంగా జరిగేది అదే. కానీ ఆ తరగతిలో కూర్చున్న మరో పిల్లవాడి తండ్రి అప్పు చేసి చెరువు తవ్వించాడు. 1990ల మొదట్లో ఈ తీరమంతా టైగర్ రొయ్య మీద ఆశ పెట్టుకుంది. నాలుగేళ్లు గడవకముందే తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులకు చెరువులు ఖాళీ అయ్యాయి, ఎన్నో కుటుంబాలు అప్పులపాలయ్యాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల సాగు మీద గట్టి తీర్పు ఇచ్చింది. తర్వాత 2005లో దీనికోసం ప్రత్యేక చట్టం వచ్చింది. ఆపైన వనామీ రొయ్య వచ్చి చెరువులు మళ్లీ నిండాయి. ఇదంతా ఆ ఇంటి చరిత్ర. తన చెరువులో రాత్రి ఒక జంతువు దిగిందంటే ఆ తండ్రికి అది నష్టంగానే కనిపిస్తుంది. "మీ నాన్న చేసేది తప్పు" అని బడి చెబితే పిల్లవాడు ఇంట్లో ఆ మాట అనలేడు, బడిలో ఇంటి మాట చెప్పలేడు. ఆ వయసు పిల్లల మీద అంత బరువు పెట్టే హక్కు మనకు లేదు.

అందుకని ఈ పాఠాన్ని నిజాలతో, లెక్కలతో నడపాలి. చెరువులో నిజంగా ఎంత నష్టం జరిగింది? అందులో నీటికుక్కల వాటా ఎంత, బావురుపిల్లి వాటా ఎంత, తెగులు వల్ల పోయింది ఎంత, దొంగతనంగా వల వేసినవాళ్ల వాటా ఎంత? పిల్లలే ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకురావచ్చు. ఆ పిల్లి వరిచేను గట్ల మీద ఎలుకల్ని తింటుందన్న సంగతి కూడా ఆ లెక్కలోకి రావాలి. డెల్టాలో ఎలుకలు వరిని ఎంత పాడుచేస్తాయో రైతు ఇంటి పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మడ అడవిలోని వేళ్ల నడుమనే రొయ్య పిల్లలు, చేప పిల్లలు పెరుగుతాయి. మండపీతకు ఇల్లు అదే. పండుగొప్ప అక్కడికే మేతకు వస్తుంది. అడవి తగ్గితే వలలో పడేది కూడా తగ్గుతుంది. ఆ పిల్లి ఉన్నచోట చేపలు ఉన్నట్టు, చేపలు ఉన్నచోట తండ్రికి పని ఉన్నట్టు. ఈ లెక్క పిల్లలు తామే వేసుకుంటే ఇంట్లో కూడా మాట్లాడగలుగుతారు.

అక్కడి పిల్లలకు ఇంకో పాఠం వాళ్ల ఇళ్లలోనే ఉంది, అది 1977 ఉప్పెన. దాన్ని చెప్పేవాళ్లు రోజురోజుకూ తగ్గిపోతున్నారు. ఉప్పెనకు కొద్ది రోజుల ముందే, 1977 అక్టోబరులో, అప్పటి సోవియట్ యూనియన్‌లోని తిబిలిసీ నగరంలో యునెస్కో ఒక పెద్ద సభ జరిపింది. పర్యావరణ విద్య మీద ప్రపంచ దేశాల ప్రభుత్వాలు కలిసి జరుపుకున్న తొలి సభ అది. పిల్లలకు తాము ఉన్నచోట, తమ కళ్లముందున్న సమస్యల ఆధారంగా ఈ చదువు చెప్పాలని అక్కడ తీర్మానించారు. సభ 26వ తేదీన ముగిసింది. ఆ తర్వాత నాలుగు వారాలైనా కాకముందే, నవంబరు 19న, దివిసీమ మీద ఉప్పెన పడింది. సుమారు 10,000 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. ఇంకా చాలా ఎక్కువని అక్కడివాళ్లు ఇప్పటికీ అంటారు. సొర్లగొంది లాంటి ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి.

ఆ రాత్రి తాటిచెట్టు పట్టుకుని బతికినవాళ్లు, తుమ్మకంపలో చిక్కుకుని తెల్లారినవాళ్లు ఇప్పుడు తాతలు, మామ్మలు అయ్యారు. వాళ్లను బడికి పిలిచి కూర్చోబెట్టి పిల్లల్ని అడగనివ్వాలి. నీళ్లు ఎటువైపు నుంచి వచ్చాయి మామ్మా, ఎంత ఎత్తున వచ్చాయి, చెట్లున్న వైపు ఎలా ఉంది, చెట్లు లేని వైపు ఎలా ఉంది? మడ అడవి ఉప్పెనను పూర్తిగా ఆపుతుందని నేను అనడం లేదు. అలా చెబితే పిల్లలకు అబద్ధం చెప్పినట్టే. తుపాను హెచ్చరిక వస్తే షెల్టరుకు పోవలసిందే. అయితే 1999లో ఒడిశాను ముంచిన పెనుతుపానును పరిశీలించిన సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ 2009లో ఒక విషయం లెక్కగట్టి చెప్పారు. కేంద్రపడా జిల్లాలో తమకూ సముద్రానికీ మధ్య వెడల్పైన మడ అడవి ఉన్న ఊళ్లలో, అది సన్నగానో, లేకుండానో ఉన్న ఊళ్లలో కంటే తక్కువమంది చనిపోయారు. ఒడిశా ఊళ్ల లెక్క, దివిసీమ మామ్మ మాట పక్కపక్కన పెట్టుకుని చదివిన పిల్లకు మడచెట్టు కొట్టొద్దని మనం వేరే చెప్పక్కర్లేదు.

కొట్టేసిన చోట మళ్లీ పెంచడం కూడా ఈ తీరం చూసింది. చెట్లు పోయిన నేలలో పోటు నీళ్లు ఆగి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుని ఇక ఏ మొక్కా బతకదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ వాళ్లు, అటవీశాఖ, ఊరివాళ్లు కలిసి కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లో అలాంటి చోట్ల చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పెద్ద కాలువ ఒకటి, దానికి అటూ ఇటూ పక్క కాలువలు. పోటు లోపలికి వచ్చి, పాటుకు బయటికి పోయే దారి దొరికితే ఉప్పు కడుక్కుపోయి మొక్క నిలుస్తుంది. బడి పిల్లలకు చూపించదగ్గ ఇంజినీరింగు అది, వాళ్ల నాన్నల చేతులతో తవ్వినది.

చట్టాల సంగతి కొద్దిగా చెప్పి వదిలేస్తాను. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు అన్ని తరగతుల్లోనూ పర్యావరణ విద్య తప్పనిసరి చేయమంది. 2001-02 నుంచి జాతీయ హరిత దళం పేరుతో బడుల్లో ఎకో క్లబ్బులు వచ్చాయి. ఇవి మంచి పనులే. చాలా బడుల్లో అవి మొక్కలు నాటే రోజు దగ్గర, వ్యాసరచన పోటీ దగ్గర ఆగిపోతున్నాయని నా బాధ. ఉప్పునేలలో నిద్రగన్నేరు మొక్క నాటి, ఫొటో దిగి, వారం తర్వాత అది ఎండిపోతే పిల్లలు దాన్నుంచి నేర్చుకునేది ఏముంటుంది? అదే బడి వెనక బురదలో ఉప్పుపొన్న మొలక గుచ్చి, ప్రతి పున్నమికీ కొలిచి రాసుకుంటే, ఏడాది తిరిగేసరికి ఆ పిల్లల దగ్గర ఒక చిన్న పరిశోధన తయారవుతుంది. ఖర్చు ఏమీ లేదు. అటవీశాఖ అనుమతి, ఒక నోటుపుస్తకం, పట్టు వదలని ఒక మాస్టారు చాలు.

ఈ తీరంలో అన్నిటికంటే మంచి తరగతి గది మాత్రం పాలకాయతిప్ప, హంసలదీవి వైపు ఇసుక మీద ఉంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి రాత్రిపూట ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుంత తవ్వి గుడ్లు పెడతాయి. ఒక్కొక్కటి సుమారు వంద గుడ్లు. నక్కలు, కుక్కలు తవ్వి తినేయకుండా అటవీశాఖ ఆ గుడ్లు సేకరించి, కంచె కట్టిన ఇసుకలో మళ్లీ పాతిపెడుతుంది. తాబేళ్ల జాడ పట్టి ఆ గుడ్లు వెతికి తెచ్చేది స్థానికులే. ఒకప్పుడు అదే కన్నుతో గుడ్లు తవ్వుకుని తినేవాళ్లలో కొందరు ఇప్పుడు వాటికి కాపలా. ఆరేడు వారాలకు గుడ్డు పగిలి అరచేతిలో సరిపోయే పిల్లలు బయటికి వస్తాయి.

ఆ పొద్దు పిల్లల్ని తీసుకెళ్లాలి. ఇసుక వేడిని బట్టి ఆడదో, మగదో తేలుతుందని చెబితే వాళ్ల కళ్లు పెద్దవవుతాయి. వేడి ఎక్కువైతే ఆడవి ఎక్కువ పుడతాయి. భూమి వేడెక్కడం అన్న పెద్ద మాట అక్కడ ఇసుక గుంతలోకి దిగి వస్తుంది. తాబేలు పిల్లను పట్టుకుని గబగబా నీళ్లలో వదిలేయాలని ప్రతి పిల్లకూ చేతులు ఆరాటపడతాయి. వద్దు, దాన్ని ఇసుక మీద నడవనివ్వాలి. ఆ నడకలోనే అది తన తీరాన్ని గుర్తుపెట్టుకుంటుందని శాస్త్రజ్ఞులు అంటారు. అలా వెళ్లిన వెయ్యిలో ఒకటి పెరిగి పెద్దదైతే గొప్ప. ఆడదైతే గుడ్లు పెట్టడానికి తాను పుట్టిన తీరం వైపే తిరిగి వస్తుంది. ప్రేమ ఉన్నా చెయ్యి వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆ ఇసుక మీద నేర్చుకున్నట్టు పుస్తకంలో నేర్చుకోలేం. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు సముద్రంలో యాంత్రిక పడవలతో వేట ఎందుకు ఆపుతారో, పెద్ద వలల్లో తాబేళ్లు ఊపిరాడక ఎలా చనిపోతాయో, వాటిని బయటికి వదిలే తలుపులు వలకు ఎలా అమరుస్తారో, ఆ పొద్దునే చెప్పవచ్చు. బోటు మీద పనిచేసే మామయ్య ఉన్న పిల్ల ఆ తలుపు గురించి ఇంటికెళ్లి అడుగుతుంది.

కొల్లేరు దగ్గర ఇదంతా ఇంకా కష్టం. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఆ మంచినీటి సరస్సును 1999లో అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్ల మేర, అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ తడినేలల జాబితాలో చేరింది. 2006లో కొల్లేరు ఆపరేషన్ పేరుతో లోపలి చేపల చెరువుల గట్లను యంత్రాలతో, కొన్నిచోట్ల పేలుడు పదార్థాలతో కూల్చారు. సరస్సుకు అది అవసరమే. నీళ్లు పారే దారులన్నీ గట్లతో మూసుకుపోతే కొల్లేరు బతకదు. కానీ ఆ గట్ల మీద కూలి పని చేసుకుని బతికిన లంక గ్రామాల వడ్డి కుటుంబాలకు ఆ రోజు బతుకు కూలినట్టే అనిపించింది. అప్పుడు బడిలో ఉన్న పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులు. వాళ్ల ఇంట్లో అభయారణ్యం అన్న మాట ఎలా వినిపిస్తుందో తెలియకుండా అక్కడ పక్షుల పాఠం మొదలుపెట్టకూడదు.

అయినా ఆ పాఠం చెప్పాలి. కైకలూరు పక్కన ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద, చెట్ల మీద వేలకొద్దీ గూడబాతులు గూళ్లు పెడుతున్నాయి. ముక్కు కింద సంచి వేలాడే ఆ పెలికాన్లు ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని వదిలి వెళ్లిపోయాయి. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు అనే ఊరిలో వాటి పెద్ద స్థావరాన్ని 1946లో చూసి రాసిన కె.కె. నీలకంఠన్ లాంటి పక్షి శాస్త్రజ్ఞుల రచనల వల్లే అప్పుడు అవి ఎలా ఉండేవో మనకు తెలుస్తోంది. అలా పోయిన పక్షి తిరిగి వచ్చిందంటే నీళ్లలో దానికి చేప దొరుకుతోందన్నమాట. మావులు వేసి కొరమీను, మట్టగిడస, ఇంగిలాయి పట్టే తాతకు ఆ నీళ్లు ఎప్పుడు బాగున్నాయో, ఎప్పుడు పాడయ్యాయో తెలుసు. పక్షి లెక్క, తాత లెక్క కలిపి చదివిస్తే కొల్లేటి పిల్లకు ఆ సరస్సు ప్రభుత్వానిదో, పక్షులదో అనిపించదు, తనదే అనిపిస్తుంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరి చెరువుల్లో చేరిన ఎర్రకాళ్ల కొంగల్ని, గూడబాతుల్ని ఊరివాళ్లే కాపాడుతున్నారు. అక్కడి పిల్లలు వాటి అరుపుల మధ్యే పెరుగుతారు. అక్కడ ఆ పని బలవంతం మీద మొదలు కాలేదు, అందుకే నిలిచింది.

విజయవాడ పిల్లలు ఇదంతా తమకు దూరం అనుకుంటే 2024 సెప్టెంబరు గుర్తు చేయాలి. బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్ ఇళ్లలోకి వచ్చిన నీళ్లు పోవలసింది కొల్లేటికే. కొల్లేటి నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి. ఆ దారి ఎంత ఇరుకైతే నగరంలో నీళ్లు అంతసేపు నిలుస్తాయి. మంచాల మీద మంచాలు వేసుకుని కూర్చున్న పిల్లలకు ఈ పటం గీసి చూపిస్తే ఒక్కసారికే అర్థమవుతుంది. నగరపు బడులు ఏటా విహారయాత్రకు ఎక్కడెక్కడికో పోతాయి. ఒక ఏడాది ఆటపాకకో, నాగాయలంకకో వెళ్లి, అక్కడి బడి పిల్లలే తమకు ఊరు చూపించేలా ఏర్పాటు చేసుకుంటే బాగుంటుంది. పెద్ద బడి పిల్లలకు మడ అడవి గురించి చిన్న ఊరి పిల్లలు పాఠం చెప్పే రోజు ఏడాదికి ఒక్కటైనా ఉండాలి.

ఇక చేయవలసినవి కొన్ని చెబుతాను. పీతల బొరియను చూసి లోపల పీత ఉందో లేదో చెప్పగల యానాది పెద్దవాళ్లను, జాలర్లను బడికి పిలిచి పాఠం చెప్పించాలి. ఊరికే పిలవకూడదు, వాళ్లు పోగొట్టుకున్న ఒక పూట కూలికి తగ్గ గౌరవ వేతనం ఇవ్వాలి. పిల్లల్ని పాయలోకి తీసుకెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, అటవీశాఖ మనిషి వెంట ఉండాలి. దీనిలో ఏ రాజీ వద్దు. తాబేళ్ల పిల్లలు వచ్చే కాలం పదో తరగతి పరీక్షల కాలం కాబట్టి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వాళ్లను పంపాలి. కొత్తగా బదిలీ మీద వచ్చే టీచర్లకు మొదటి నెలలోనే ఆ ఊరి పెద్దల వెంట ఒకసారి అడవి చూపించాలి. చెట్లకు, చేపలకు, పక్షులకు అక్కడివాళ్లు పెట్టిన పేర్లన్నీ పిల్లల చేత రాయించి బడిలో గోడమీద పెట్టాలి.

చివరిగా ఒక కోరిక. ఇందాక చెప్పిన 1991 తీర్పులోనే సుప్రీంకోర్టు ఆకాశవాణిని, దూరదర్శన్‌ను కూడా పేరు పెట్టి, పర్యావరణం గురించి రోజూ 5 నుంచి 7 నిమిషాల కార్యక్రమాలు ప్రసారం చేయమని చెప్పింది. 1948 డిసెంబరు 1 నుంచి ఈ డెల్టా గొంతు వినిపిస్తున్న విజయవాడ కేంద్రానికి ఆ అయిదు నిమిషాలు పెద్ద లెక్క కాదు. వారానికి ఒక్కసారైనా ఆ సమయం సొర్లగొందికో, ఎదురుమొండికో, కొల్లేటి లంకకో ఇవ్వండి. మైకు పెద్దవాళ్ల చేతికి కాకుండా పిల్లల చేతికి ఇవ్వండి. ఈ వారం మా పాయలో పోటు ఎంత వచ్చింది, ఏ పక్షులు దిగాయి, తాబేలు జాడ ఎక్కడ కనబడింది, బావురుపిల్లి అడుగు ఏ కట్ట మీద చూశాం, వలలో ఏ చేప పడింది, ఏ చేప ఈ మధ్య పడటం మానేసింది, ఇవి వాళ్లే చదవాలి, వాళ్ల యాసలోనే. రాసుకొచ్చింది టీచరుగారు దిద్దకూడదు. ఏ ఊరి బడి ముందుకు వస్తుందో, ఆ ఊరి ప్రధానోపాధ్యాయులు ఈ కేంద్రానికి ఒక ఉత్తరం రాస్తే చాలు. రికార్డు చేయడానికి వచ్చేవాళ్లకు పంటు ఎన్ని గంటలకో పిల్లలే చెబుతారు.